గడి లేని మాట

పోయిన వారం కథను మా కళ్లజోళ్ల కొట్టు బల్ల మీద వదిలి వెళ్లాను. ఆ బల్ల మీద ఒక కళ్లజోడు ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నా చెల్లెలు. సిటీ బస్సు నడుపుతుంది. రోజూ మా కొట్టు ముందు నుంచే పోతూ రెండుసార్లు హారన్ కొడుతుంది. ఆ రోజు మాత్రం నడిచి వచ్చింది. "అన్నయ్యా, నువ్విచ్చిన ఈ జోడు పెట్టుకుంటే రోడ్డు మధ్య గీత రెండవుతోంది. అందులో నా గీత ఏదో చెప్పు, దాని పక్కనే పోతా," అంది.

సోమవారం డిపోలో కళ్ల పరీక్ష. నెగ్గితే స్టీరింగు, లేకపోతే బస్సులు కడిగే షెడ్డు. మొగుడు పోయిన ఏడాది లైసెన్సు తెచ్చుకుని, ఆ చక్రం తిప్పుకుంటూనే కూతుర్ని చదివించుకున్న మనిషి ఆమె. షెడ్డులో చీపురు పట్టుకోమంటే పట్టుకోదు. ఇంట్లో కూర్చుంటుంది. కూర్చుంటే మనిషి మిగలదు. అది నాకు తెలుసు.

వ్యాపారంలో నష్టం వచ్చినప్పుడు ముందు చేసే పని, దాన్ని ఎవరి నెత్తిన వేయాలో చూసుకోవడం. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. కొట్టు నాది. ఆర్డరు తీసుకున్నది ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం రాసింది నా మేనకోడలు, అంటే ఆ చెల్లెలి కూతురే. చిన్నప్పుడు అన్నం ముక్కుతో పొడిచినట్టు తినేదని పిచ్చుక అన్నాం. ఇప్పుడు కీబోర్డును అలాగే పొడుస్తుంది. జోడు పెట్టుకునేది తల్లి, చేసేది కూతురు, అమ్మేది నేను. తప్పు గడప దాటి బయటికి పోయే దారే లేదు.

జోడు తీసి లెన్స్ మీటరు కింద పెట్టాను. అద్దంలో ఎంత పవర్ ఉందో అబద్ధం లేకుండా చెప్పే మిషన్ అదొక్కటే. కుడి అద్దం మైనస్ రెండున్నర. ఎడమ అద్దం మైనస్ ఒకటి.

నాకు తల తిరిగింది. మా చెల్లెలికి బలహీనమైనది ఎడమ కన్ను. చిన్నప్పుడు గోలీలాటలో కూడా ఎడమ కన్ను మూసుకునే గురి చూసేది. బలమైన అద్దం ఎడమ వైపు ఉండాలి. అది కుడి వైపున కూర్చుంది.

"పిచ్చుకా, ఇలా రావే. మీ అమ్మ కళ్లు తారుమారు చేశావ్."

పిచ్చుక వచ్చి మీటరులో చూసింది. తెరమీద ఆర్డరు తీసి చూసింది. ఆర్డరులోనూ అంతే ఉంది: కుడి రెండున్నర, ఎడమ ఒకటి. వెనక గదిలో అద్దాలు అరగదీసే నసాయన తలుపు సందులోంచి తొంగి చూశాడు. పొద్దస్తమానం ఏదో ఒకటి నసుగుతూ ఉంటాడు కాబట్టి ఆయనకు ఆ పేరు.

"నా మీదకు రాకండి," అన్నాడు. "తెరమీద ఏముందో అదే తీశాను. బుర్ర వాడొద్దన్నారుగా, వాడలేదు."

"మంచిపని చేశారు లెండి," అన్నాను. "సరే, తప్పెక్కడో దొరికింది. ఆ రెండంకెలూ అటిటు మార్చెయ్యవే, ఆయన మళ్లీ తీస్తాడు."

"మార్చలేను మామయ్యా."

"ఏం, చెయ్యి నొప్పా?"

"అది మారదు. ఒకసారి ఆర్డరు తయారైందంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. నువ్వూ, నేనూ, ఎవరూ. కావాలంటే సరైన అంకెలతో ఇంకో ఆర్డరు పుట్టించాలి. పాతది పాతదిగానే ఉంటుంది."

"నువ్వు రాసిందే కదే అది!"

"నేను రాసిందే. ముట్టుకోవడానికి లేకుండా రాశాను. అదే దాని గొప్ప."

నాకు ఒళ్లు మండింది. కొట్టు నాది, కంప్యూటరు నాది, కన్ను నా చెల్లెలిది, తప్పు కళ్లెదురుగా కనబడుతోంది, దిద్దడానికి మాత్రం నాకు అధికారం లేదట. దీన్ని ఏ ఖాతాలో రాసుకోను?

నసాయన మాత్రం నవ్వాడు. "అమ్మాయి చెప్పింది నిజమేనండీ. నేను అద్దం అరగదీసేశాక మీరు తెరమీద అంకె మారిస్తే, అద్దంలో మారుతుందా? మునుపు అంతేగా జరిగేది. నేనొకటి తీసేవాణ్ణి, సాయంత్రానికి తెర ఇంకోటి చెప్పేది. తిట్లు మాత్రం నాకు."

అది నిజమే. మునుపు ఆర్డరు తెరమీద ధర్మసత్రంలా ఉండేది. ఎవరికి తోచింది వాళ్లు మార్చేవాళ్లు, నేనూ మార్చేవాణ్ణి. ఆ రోత భరించలేకే పిచ్చుకను పిలిచి కొత్తది కట్టమన్నాను. కట్టాక ఇప్పుడు గోడ అడ్డమొచ్చిందని ఏడుస్తున్నాను.

"మారకపోతే మారకపోయింది. తప్పుగా ఎందుకు పుట్టింది? అది చెప్పు."

పిచ్చుక అటూ ఇటూ చూసి, నసాయన బల్ల మీద ఖాళీగా ఉన్న ట్రే తీసుకొచ్చింది. ఒక్కో జోడుకు సంబంధించిన అద్దాలూ ఫ్రేమూ కలిసిపోకుండా వేసుకునే ప్లాస్టిక్ ట్రే అది. గడులు గడులుగా ఉంటుంది. అంటించే కాగితం ముక్కలు చింపి, ఒక్కో గడి మీద ఒక్కోటి అతికించింది.

"చూడు మామయ్యా. డాక్టరుగారి దగ్గర నుంచి చీటీ మెసేజీగా వస్తుంది. అది వట్టి అక్షరాల మూట. ప్రోగ్రాం దాన్ని వరుస వరుసగా విప్పి చదువుతుంది. ఏ వరుస ఏ గడిలో పడాలో దానికెలా తెలుస్తుంది? ప్రతి గడి నెత్తిన నేనొక చీటీ అంటిస్తాను. యానొటేషన్ అంటారు. ఇదిగో, ఈ గడి మీద 'కుడి కన్ను, మొదటి వరుస నుంచి'. దీని మీద 'ఎడమ కన్ను, రెండో వరుస నుంచి'. దీని మీద 'ఖాళీగా వస్తే సున్నా అనుకో'. అన్ని గడులూ నిండగానే మూత పడిపోతుంది. ఇక తెరుచుకోదు."

"అంటే గడిలో పడేది కాదు, గడి మీద అంటించింది ముఖ్యం."

"రెండూ ముఖ్యమే."

"మరి ఇదేంటి? దీని కింద గడి లేదే?" ట్రే అంచున, అన్నిటికీ పైన ఒక ముక్క అంటించి ఉంది.

"అది మొత్తం ట్రేకి. 'గడి లేనిది ఏదొచ్చినా పట్టించుకోకు, పారెయ్యి' అని. నువ్వే పెట్టమన్నావ్. ప్రతి చీటీ కిందా క్లినిక్ వేళలు, సెలవులు, కళ్లు పదిలం, రోజూ నడవండి, బోలెడు చెత్త వస్తుంది. ఆ చెత్తకు గడి లేదని ప్రోగ్రాం మొదట్లో ఆర్డరే కట్టకుండా ఆగిపోయేది. నువ్వు కొట్టంతా అరిచావు, గుర్తుందా?"

గుర్తుంది. అరవడం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఎందుకు అరిచానో మాత్రం మర్చిపోతాను.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మా చెల్లెలు కస్టమర్లు కూర్చునే కుర్చీలో ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా ఆమె ఉన్నచోట ఇంకొకరికి నోరు తెరిచే వంతు రాదు. తల కొంచెం పక్కకు వాల్చి, గోడ మీది అక్షరాల బోర్డు వైపు చూస్తోంది. తలనొప్పిగా ఉందేమో అనుకున్నాను.

"అయితే మరి తప్పెక్కడ?" అన్నాను. "మొదటి వరుస కుడి. రెండో వరుస ఎడమ. నేను పంపింది అలాగే పంపానే. మొదట ఒకటి, తర్వాత రెండున్నర."

పిచ్చుక తల ఎత్తింది. "నువ్వు పంపావా?"

"ఆ. మీ అమ్మ చీటీ కదా, నా చేత్తో ఎక్కించాను. డాక్టరుగారి సంగతి తెలుసుగా. లోకమంతా కుడి కన్ను ముందు రాస్తే ఆయన ఎడమ కన్ను ముందు రాస్తాడు. అందుకని ఆ పై రెండు వరుసలూ తిప్పి పెట్టి..."

"అయ్యో మామయ్యా!"

"ఏమయింది?"

"ఆయన తిరగేసి రాస్తాడని నాకు తెలీదా? ఆ క్లినిక్ నుంచి వచ్చేవాటికి వేరే చీటీ అంటించాను. 'ఇక్కడి నుంచి వస్తే మొదటి వరుస ఎడమ' అని. అందరివీ సరిగ్గానే వస్తున్నాయి. నువ్వు ముందే తిప్పావ్. ప్రోగ్రాం మళ్లీ తిప్పింది."

ఇద్దరూ ఎవరికి వారే ఉప్పు వేసిన కూర సంగతి వినడమే గాని, వండడం నాకు అదే మొదలు. ఆమె జాగ్రత్త ఆమె పడింది, నా జాగ్రత్త నేను పడ్డాను. రెండు జాగ్రత్తలు కూడితే ఒక తప్పు తేలింది. ముప్పాతిక జీవితం కూడికలతో గడిపినవాణ్ణి, ఇలాంటి కూడిక చూడలేదు.

"నాకు చెప్పొద్దూ?" అన్నాను.

"నువ్వు అడగొద్దూ?" అంది.

"తల్లి కళ్లు, కూతురి లెక్క, మేనమామ తెలివి," అన్నాడు నసాయన. "పోనీలెండి, గుడ్డి కన్నా మెల్ల మేలన్నారు."

మా చెల్లెలు చటుక్కున ఆయన వైపు తిరిగింది. "ఏమన్నారు?"

"ఏదో సామెతలేమ్మా."

"సామెతలు ఆపి అద్దాలు తియ్యండి," అంది. తర్వాత నా వైపు చూసి, ఎందుకో నవ్వింది. "అంతేనా అన్నయ్యా? కొట్టు తప్పేనా? అద్దాలు మారితే సరిపోతుందా?"

"అంతేనే. సరిపోతుంది."

"హమ్మయ్య," అంది. ఆ హమ్మయ్య పెద్దదిగా వచ్చింది. తప్పు చేసి దొరికిపోయింది మేము. ఊపిరి తేలిక పడింది ఆమెకు. ఆ తేడా నాకు అప్పుడే తూకానికి వచ్చుండాల్సింది. రాలేదు.

పిచ్చుక కొత్త ఆర్డరు పుట్టించింది. ఈసారి చీటీని నేను ముట్టుకోలేదు, వచ్చింది వచ్చినట్టు వదిలింది. కుడి ఒకటి, ఎడమ రెండున్నర. పాత ఆర్డరు దాని పక్కనే తెరమీద మూతి బిగించుకుని కూర్చుంది. నసాయన మిషను ఆన్ చేశాడు. మధ్యాహ్నం ఎండ వాలేలోపు కొత్త అద్దాలు ఫ్రేములో కూర్చున్నాయి. నేనే మీటరు కింద చూశాను. సరిపోయాయి.

చెల్లెలు జోడు అందుకుంది.

"బాగుంది," అంది.

జోడు ఇంకా ముక్కు మీద కుదురుకోలేదు. చెవి వెనక కాడ సర్దుకోలేదు. బాగుంది అనేసింది. ఇన్నేళ్ల అంగట్లో నేను నేర్చిన పాఠం ఒకటుంది: బేరమాడేవాడిని చూసి భయపడక్కర్లేదు, అడిగినదానికల్లా తలూపేవాడిని చూసి భయపడాలి. వాడి మనసు సరుకు మీద ఉండదు.

"ఆ బోర్డు మీద కింది వరుస చదువు."

"చదివాన్లే."

"పైకి చదవవే."

"నేనేం బడిపిల్లనా? డ్యూటీకి టైమవుతోంది."

"డ్యూటీ ఏంటి? సోమవారం దాకా సెలవన్నావ్?"

"డిపోలో మనిషి లేడు. ఒక్క ట్రిప్పు వెయ్యమన్నారు. కళ్లు బాగయ్యాయిగా, కూర్చుని ఏం చెయ్యను?" చీర కుచ్చిళ్లు సర్దుకుని, కూతురి నెత్తిన ఒకటి మొట్టింది. "నీ పెట్టెకు మూత కాస్త వదులుగా పెట్టవే. మీ మామయ్య చెయ్యి దూరేలా." నవ్వుకుంటూ వెళ్లిపోయింది. గుమ్మం దాటేటప్పుడు ఆమె భుజం తలుపు చట్రానికి తగిలింది. ఎన్నిసార్లో దాటిన గుమ్మమే.

నీళ్ల సీసా బల్ల మీదే మర్చిపోయింది.

ఆమె వెళ్లాక నాకు డాక్టరుగారి మీద కోపం వచ్చింది. ఎవరి మీదా వేయలేని నష్టంలో ఆయన వాటా కొంచెం ఉంది కదా అనిపించింది. ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, పిచ్చుకకు కూడా వినబడేలా మొదలుపెట్టాను.

"అయ్యా, మీరు ఎడమ కన్ను ముందు రాయడం వల్ల మా కొట్లో ఈ పూట యుద్ధం అయింది."

ఆయన పెద్దగా నవ్వాడు. "జోడు పెట్టుకునేవాడికి ఎడమ ఎడమవైపే ఉంటుందయ్యా. నేను వాడి వైపు నుంచి రాస్తా. మీరు నా వైపు నుంచి చదివితే నేనేం చెయ్యను? ఇంతకీ ఎవరి చీటీ?"

"మా చెల్లెలిదే. బస్సు నడుపుతుంది."

నవ్వు ఆగింది. "ఆవిడదా. ప్రిజం సరిగ్గా కూర్చుందా?"

"ప్రిజమా?"

"ప్రిజమయ్యా. ఎడమ అద్దంలో."

అద్దాల కొట్టువాణ్ణి, ప్రిజం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒకే వస్తువు రెండుగా కనబడేవాళ్లకు, ఆ రెండు బొమ్మల్ని ఒకదాని మీదికి ఒకటి నెట్టడానికి అద్దంలో పెట్టే వాలు అది. పవర్ తప్పితే మసక వస్తుంది. తలనొప్పి వస్తుంది. గీత రెండవదు. గీత రెండైందని ఆమె మొదటి మాటలోనే చెప్పింది. నేను వినలేదు. కుడీ ఎడమా వెతుక్కుంటూ కూర్చున్నాను.

"ప్రిజం మీరు రాయలేదండీ," అన్నాను.

"రాయకపోవడమేంటి? కింద రాశాను. పవర్ రాశాక మళ్లీ పరీక్ష చేసి, దాన్ని చివర చేర్చి పంపాను. చీటీ చివర చూడండి."

పిచ్చుక అప్పటికే మెసేజీ తెరిచింది. పైన రెండు వరుసలు. కింద క్లినిక్ వేళలు. సెలవులు. రోజూ నడవండి. కళ్లు పదిలం. ఆ కింద, చెత్తలో చెత్తగా, ప్రిజం వరుస.

నేను నా చేత్తో ఎక్కించిన చీటీ. పై రెండు వరుసలు తిప్పి, కిందికి చూడకుండా వదిలిన చీటీ.

పిచ్చుక ట్రే వైపు చూస్తోంది. అంచున అంటించిన ఆ ఒక్క ముక్క వైపు. "దానికి గడి లేదు మామయ్యా," అంది. "నేను పెట్టలేదు. మనకు ప్రిజం ఎప్పుడూ రాలేదుగా. అందుకే... పారేసింది. రెండుసార్లూ పారేసింది. ఒక్క మాట కూడా చెప్పకుండా పారేసింది."

"చెప్పొద్దని నేనేగా అరిచాను," అన్నాను.

ఫోన్లో డాక్టరుగారు ఇంకా మాట్లాడుతున్నారు. "ప్రిజం కూడా మందు కాదయ్యా, తాత్కాలికం. ఎడమ కన్ను తిప్పే నరం సరిగ్గా పని చెయ్యట్లేదు. ఎందుకో తెలియాలి. పెద్దాసుపత్రిలో తలకు స్కాన్ తీయించమన్నాను. తేలేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని ఆవిడ మొహం మీదే చెప్పాను. మా అన్నయ్యతో మాట్లాడి చెప్తానంది. మీతో చెప్పలేదా?"

నాతో చెప్పలేదు. నాతో చెప్పింది గీత సంగతి. జోడు సంగతి.

అప్పుడు లెక్క తేలడం మొదలైంది. తేలుతున్నకొద్దీ నాకు అయోమయం పెరిగింది. తప్పు తన కంట్లో ఉందని ఆమెకు తెలుసు. తెలిసే జోడు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎందుకంటే జోడులో తప్పుంటే అన్నయ్య దిద్దుతాడు. కంట్లో ఉంటే దిద్దేవాడెవడు? ఆమె అదృష్టమో మా ఖర్మో, వెతికితే నిజంగానే జోడులో ఒక తప్పు దొరికింది. ఆ హమ్మయ్య అందుకు. మేము తప్పు ఒప్పుకుంటుంటే ఆమె దాన్ని బంగారంలా అందుకుంది.

"ప్రోగ్రాం పారేసిందంటే దానికి గడి లేదు," అంది పిచ్చుక. ఏడవట్లేదు. అడుగుతోంది. "అమ్మ ఎందుకు పారేసింది మామయ్యా?"

వీధి మలుపులో బస్సు ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత హారన్. రెండుసార్లు.

నీళ్ల సీసా పట్టుకుని బయటికి పరిగెత్తాను. ఎందుకు పట్టుకున్నానో ఆ క్షణాన నాకు తెలియదు, చేతికి అదే అందింది. ఎదురుగా సిగ్నల్ ఎర్రగా ఉంది. బస్సు గీత ముందు ఆగింది, చక్కగానే ఆగింది. నిండా జనం. నిలబడ్డవాళ్లు పైకడ్డీలకు వేళ్లాడుతున్నారు. నేను బండ్ల మధ్య నుంచి దూరి డ్రైవరు కిటికీ కిందికి వెళ్లాను. ఆమె పైనుంచి కిందికి చూసింది. ముక్కు మీద కొత్త జోడు.

"ఏంటన్నయ్యా, నడిరోడ్డు మీద?"

దిగవే అందామనుకున్నాను. కానీ ఇంతమంది ముందు ఒక్క మాట అంటే, సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఆమె స్టీరింగు ఇక్కడే పోతుంది. పోనీ డాక్టరుగారే పొరబడ్డారేమో. కొత్త అద్దాలతో నిజంగానే బాగుందేమో. అడిగితే బాగుందనే అంటుంది. మాట అడిగితే అబద్ధం రావొచ్చు. వస్తువు చాపితే రాదు. అంగడిలో నాణ్యం అలాగే తేల్చుకున్నాను ఇన్నేళ్లూ.

"సీసా మర్చిపోయావ్," అని చెయ్యి పైకి చాపాను.

"దీనికోసం పరిగెత్తుకొచ్చావా, పిచ్చి మొహమా," అని నవ్వుతూ ఆమె కిటికీలోంచి చెయ్యి దించింది. తొట్రుపాటు లేదు. నిదానంగా, నమ్మకంగా దించింది.

ఆ చెయ్యి నా చేతికి జానెడు పక్కగా వచ్చి, అక్కడ ఏమీ లేనిచోట, వేళ్లు ముడిచింది.

నేను ఆమె మొహం చూశాను. ఆమె తన గుప్పిట వైపు చూస్తోంది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

సిగ్నల్ పచ్చగా మారింది. వెనక బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. బస్సులోంచి ఎవరో "పోనివ్వమ్మా, పోనివ్వు" అని అరిచారు. ఖాళీ గుప్పిట మెల్లగా లోపలికి వెళ్లి గేరు కర్రను వెతుక్కుంది.